మీసం చుక్కల పోరడు

కార్టూన్లు నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలు ముందుగా అడిగేది చేతుల గురించి. "సార్, చేతులు సరిగ్గ వస్తలేవు" అంటారు. చేతులదేముంది నాయనా, జేబుల్లో పెట్టేయండి! నా ఉద్యోగకాలంలో చేతులు దాచడానికి నేను గీసిన జేబుల్ని విప్పి పరిస్తే జనగామ నుంచి కాళేశ్వరం దాకా రోడ్డు మీద జంపఖానా వేయొచ్చు. అసలు చేతకానిది వేరే ఉంది. అది వయసు. ఇవాళ కళ్లముందున్న మనిషిని ఎవరైనా గీస్తారు. పదహారేళ్లవాడు పద్దెనిమిదికి ఎట్లా తేలతాడో, ఇరవై దాటితే ఏ పక్కకు ఒరుగుతాడో గీయమంటే మహామహుల పెన్నులు కూడా సిరా కక్కుకుంటాయి. ఆ పని నాకు ఏ బొమ్మల బడీ నేర్పలేదు. ఉద్యమం రోజుల్లో మహబూబాబాద్ దగ్గరి ఒక లంబాడి తండాలో, ఒక తల్లి పట్టుబట్టి నేర్పించింది. మహబూబాబాద్ అని పేపర్లో రాస్తాం గానీ నోటితో ఎవరమూ అనం. మాకది మానుకోట.

ముందు నా కొలువు సంగతి చెప్పాలి. మా పత్రిక జిల్లా పేజీలు జనగామలో తయారయ్యేవి. ఆఫీసంటే ఎరువుల దుకాణం పైన ఒక గది. కింద యూరియా, పైన వార్తలు. ఏది ఎక్కువ ఘాటో తేల్చుకోలేక జనం ముక్కు మూసుకునే రెండింటికీ వచ్చేవారు. గది ఎంత ఇరుకంటే ఒకరికి తుమ్ము వస్తే మిగతావాళ్లు మెట్ల మీదికి దిగి జాగా ఇవ్వాలి. మా ఇన్‌ఛార్జి గొంతు దానికి పదిరెట్లు పెద్దది. ఆయన మొగుళ్లపల్లి విలేకరితో ఫోన్లో మాట్లాడితే మొగుళ్లపల్లికి ఫోన్ అక్కరలేదు, కిటికీ తెరిచి పెడితే చాలు.

ఆదివారం నాడు నాకు నాలుగు గళ్ల జాగా. అందులో ఒక కుటుంబం. నాయిన, అవ్వ, నాయినమ్మ, ఒక పోరడు. మా దిక్కు అవ్వంటే అమ్మే. పేర్లు పెట్టలేదు. పేరు పెడితే ఆ పేరుగలవాడు కట్టె పట్టుకుని వస్తాడని మా ఇన్‌ఛార్జి భయం. ఆయన భయం నాకు మేలే చేసింది. పేరు లేకపోయేసరికి ప్రతి ఇంటివాళ్లూ ఆ పోరణ్ని తమవాడే అనుకున్నారు.

వాడు ఇంటర్ ఫస్టియర్. సజ్జ కర్రల్లాంటి కాళ్లు, చిక్కుడు గింజ ముక్కు, పైపెదవి మీద నాలుగైదు చుక్కలు. ఆ చుక్కలే వాడి సంసారమంతా. ఆ చుక్కలు మీసం ఎప్పుడవుతాయని అద్దంలో చూసుకుంటాడు. గీకితే గుబురుగా వస్తుందని నాయిన రేజర్ దొంగిలిస్తాడు. గొంతు మారే వయసు కదా, వాడి మాటల్ని ఒక అక్షరం లావుగా, ఒక అక్షరం సన్నగా రాసేవాణ్ని. బువ్వ పెట్టమంటే మొదటి సగం ఎద్దు, రెండో సగం పిల్లి.

ఆదివారం బొమ్మల్లో మనుషులకు వయసు రాదు. అది మా వృత్తి కట్టుబాటు. నాయినమ్మ ఎన్నేళ్లయినా దగ్గుతూనే ఉంటుంది, పోదు. పోరడు ఎన్నేళ్లయినా ఇంటర్ ఫస్టియరే. నిజం కాలేజీ అయితే ప్రిన్సిపాల్ చేతులు జోడించి గేటు దాకా సాగనంపేవాడు.

ఇంతలో ఉద్యమం ముదిరింది. బస్సులు ఆగాయి, రైళ్లు ఆగాయి, బడులు మూతబడ్డాయి. రోడ్లమీద వంటావార్పులు. రాష్ట్రంలో కార్టూనిస్టులందరూ ఢిల్లీ పెద్దల మీద పడ్డారు. నేను మాత్రం ఇంట్లోనే కూర్చున్నాను. సమ్మెలో ఉన్న నాయిన ఇంట్లో ఉండి అవ్వకు కూర వండటం నేర్పుతాడు. మూడో రోజుకు అవ్వ తనే సమ్మెకు దిగుతుంది. నాయినమ్మ వంటావార్పుకు పోయి సాంబారు రుచి చూసి, "ఉప్పు లేని రాష్ట్రం నాకొద్దు బిడ్డా" అంటుంది. పోరడు ఊరేగింపులో నినాదం ఇస్తాడు. "జై" అన్నప్పుడు పులి, "తెలంగాణ" అన్నప్పుడు కోడిపిల్ల. ఆ ఆదివారం ఫోన్లు మోగి మోగి మా ఆఫీసు ఫోను కరిగి టేబుల్‌కు అతుక్కుపోయిందంటే మీరు నమ్మాలి.

ఇన్‌ఛార్జి మాత్రం గుర్రుగా ఉండేవాడు.

"బయట రైళ్లు ఆగుతున్నయ్‌ర భై! నువ్వేమొ వంకాయకూర గీస్తున్నవ్."

"రైలాగినా వంకాయకూర ఆగదు గదన్నా."

"నీతోని మాట్లాడుడు, గోడకు సున్నమేసుడు ఒక్కటే" అని ఆయన అన్నాడు. మా గోడలకు ఆయన ఎన్నడూ సున్నం వేయించలేదు.

అట్లాంటి రోజుల్లో మానుకోట విలేకరి ఫోన్ చేశాడు. మనిషి మంచివాడు, కానీ ఫోటో దొరకనిదే వార్త రాయడు. పిడుగు పడిందని తెలిస్తే ఇంకొకసారి పడమని అడిగే రకం. ఆ రోజు గొంతు మెత్తగా ఉంది.

"అన్నా, నీతోని పనివడ్డది. జర వస్తవా?"

"ఏం పని?"

"తండల ఒక పోరడు పోయిండు."

సభకు పోతున్న ట్రాక్టర్ ట్రాలీ మలుపు దగ్గర బోల్తా పడింది. అందరూ గీరుకుపోయిన మోచేతులతో లేచి నిలబడ్డారు. ఇంటర్ చదివే ఒక పిల్లవాడు లేవలేదు. వాడు సభకు పోవడం అదే మొదటిసారి.

"అయ్యో" అన్నాను. "దానికి నేనేం చేస్తనే?"

"ఫోటో లేదన్నా. ఫ్లెక్సీ కావాలె. ఆ తల్లి నువ్వే గీయాలంటున్నది."

"నేను గీసేది చిక్కుడు గింజ ముక్కులయ్యా! చనిపోయినోళ్ల ఫోటోలు నాకేడ వస్తయ్?"

"నీకు రాకున్న మంచిదే గాని, రా" అన్నాడు.

మర్నాడు పొద్దున పేపర్ల వ్యానులో కట్టల మధ్య నేనూ ఒక కట్టనై బయల్దేరాను. డ్రైవర్ తొర్రూరు దాటేదాకా, లెక్కలో ఒక కట్ట ఎక్కువొచ్చిందని పరేషాన్ అవుతూనే ఉన్నాడు.

మానుకోటలో ఫ్లెక్సీ దుకాణం నడిపేది ఒక భాయ్. దినాలకు, పుట్టినరోజులకు, గణపతికి, పీర్లకు చుట్టుపక్కల ఊళ్ల మొహాలన్నీ ఆయన కంప్యూటర్ గుండా పోవాల్సిందే. దుకాణం ముందు అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఏడవడం లేదు. రోడ్డును చూస్తోంది. ఆమే తల్లి.

భాయ్ నన్ను లోపలికి లాగి, చుట్టి పెట్టిన ఫ్లెక్సీ విప్పాడు.

"మీరే చూడుండ్రి సాబ్. ఏం తక్కువ చేసిన? చెప్పుండ్రి."

అందులో నిలువెత్తు పురుషుడు. నల్ల కోటు, ఎర్ర టై, వెడల్పాటి భుజాలు, చేతికి గడియారం. ఆ భుజాల మీద ఏడో తరగతి పిల్లవాడి తల. నుదుట బొట్టు. పెదవి మీద కంప్యూటర్ అంటించిన, సర్పంచులకు తప్ప ఎవరికీ ఉండని మీసం. వెనక పావురాలు, తెలంగాణ పటం, ఎగిరే మబ్బులు. తండావాళ్ల దగ్గర దొరికింది ఏడో తరగతి బస్‌పాస్ ఫోటో ఒక్కటే. భాయ్ దాన్ని తనకు చేతనైనంత గౌరవంగా పెద్దవాణ్ని చేశాడు.

"నా దుకాణంల సూటు లేకుంట ఎవ్వరు సావలేదు సాబ్" అన్నాడు నొచ్చుకుంటూ. "బతికినన్ని రోజులు లుంగీ. పోయినంకనన్న కోటు వద్దా? ఇజ్జత్ గదా? ఈ అమ్మ ఏమొ గిది కట్టనియ్యది."

తల్లి అరుగు మీది నుంచే అంది. "సారు, గా కోటాయన ఎవరో నాకెర్క లేదు. పరాయి మొగోని ముందల కూసోని నేనెట్ల ఏడ్వాలె?"

భాయ్ చేతిలో ఫ్లెక్సీ తనంతట తనే చుట్టుకుపోయింది.

అప్పుడామె కొంగున కట్టిన కాగితం ముక్క తీసి బల్ల మీద పెట్టింది. మట్టి అంటి ఉంది. తండాలో గోడలకు పాత పేపర్లు అంటిస్తారు, గాలి రాకుండా. మంచం పక్క గోడ మీద ఆ పిల్లవాడు నా ఆదివారం బొమ్మలు ఏరి అంటించుకున్నాడట. ఆమె ఆ గోడ నుంచి ఒక ముక్క మట్టితో సహా పెకిలించుకుని వచ్చింది. పోరడు అద్దంలో చుక్కలు చూసుకుంటున్న బొమ్మ.

"గిదే నా కొడుకు. గిది ఎయ్యి."

"అమ్మా, గిది నవ్వులాటకు గీసింది. దినాల కాడ గిట్లాంటి బొమ్మ..."

"నా కొడుకు నవ్వులాటకు గిట్ల ఉంటుండె. ఇంట్ల గిట్లనే ఉంటుండె" అంది.

బొమ్మలవాడికి జీవితంలో ఎన్నో పొగడ్తలు వస్తాయి. ఆ పొగడ్తను మాత్రం ఏ జేబులో పెట్టుకోవాలో నాకు తెలియలేదు. భాయ్ టీ తెప్పించాడు. నేను ఆ కాగితం ముక్కనే అటూ ఇటూ తిప్పి చూశాను. చివరికి, పాత బొమ్మ వేయను, కొత్తది గీస్తాను, ఇంటికి వచ్చి అందరినీ అడిగి గీస్తాను అన్నాను. ఆమె తలూపి లేచింది.

విలేకరి బండి మీద తండాకు చేరాం. రేకుల ఇల్లు. ముందు జామచెట్టు. గడప దగ్గర తండ్రి కూర్చుని ఉన్నాడు. ఆయన ఏటా మిరపకాయ ఏరడానికి కూలి మేస్త్రి వెంట దూరం పోతాడు. ఆ ఏడు ముందుగానే పోయి, కబురు తెలిసి వచ్చాడు. పన్నెండేళ్ల కూతురు తలుపు చాటున. వాళ్లు తమలో తాము లంబాడి భాషలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో. ఎక్కువ బాధ ఉన్న మాటలు వాళ్ల భాషలోనే ఉండిపోయాయి. అవి నాకు అర్థం కాలేదు. కాకపోవడమే న్యాయం అనిపించింది.

అట్ట మీద కాగితం పెట్టి మొదలుపెట్టాను. గుండ్రటి తల. చిక్కుడు గింజ ముక్కు. రెండు చెవులు.

"చెవులు గంత చిన్నగ లేవు" అంది తల్లి.

పెంచాను.

"ఇంక."

ఇంకా పెంచాను. చెల్లెలు తలుపు చాటు నుంచి కిసుక్కుమంది. "యాడీ, గవి చాటలు గద!" యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ.

"నీ అన్నయి చాటలే" అంది తల్లి. "గాలొస్తె ఎగిరిపోతడని చిన్నప్పుడు మీ నాయిన అంటుండె."

నేను పైపెదవి మీద చుక్కలు పెట్టబోయాను. అప్పుడు తండ్రి నోరు తెరిచాడు.

"మీసం లేదు సారు మావోనికి."

"ఉన్నది" అంది తల్లి.

"లేదు. నాకెర్కలే? నా కొడుకు."

"నువ్వు పోయినంక వచ్చింది." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు మిరప తోటల కాడుంటివి. నువ్వు సూడలే."

తండ్రి నన్ను చూశాడు, నేనేదో తీర్పు చెబుతానన్నట్టు. ఆయన ఇల్లు వదిలినప్పుడు నున్నటి మూతి పిల్లవాడు. తిరిగి వచ్చేసరికి ముఖం మీద గుడ్డ. మధ్యలో ఆ పిల్లవాడికి మీసం మొలిచిన సంగతి ఆయనకు ఎవరూ ఫోన్లో చెప్పలేదు. ఎందుకు చెబుతారు? అది కబురా?

"ఎట్లుండె?" అని అడిగాడు చివరికి.

నేను మెల్లగా ఒక చుక్క పెట్టాను. పక్కన ఇంకోటి. తల్లిని చూశాను. "గీ పక్క జర ఎక్కువ" అంది. పెట్టాను. "అన్న కాటుక పెట్టుకుంటుండె" అని చెల్లెలు రహస్యం బయటపెట్టింది. "నా కాటుకే! డబ్బ ఖాళీ చేసిండు. అడిగితె పిల్లి తిన్నదన్నడు." తల్లి ఆ పిల్లను కొట్టబోయి నవ్వింది. నేను నవ్వాను, విలేకరి నవ్వాడు. తండ్రి నవ్వలేదు. ముందుకు వంగి, వేలు కాగితానికి తగలకుండా గాల్లోనే ఆ చుక్కల మీదుగా జరుపుతూ, "గిన్ని వచ్చినయా!" అన్నాడు.

అప్పుడే ఉద్యమంలో తిరిగే నాయకుడొకాయన వచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. ఆ పిల్లవాడి పాడె మోసినవాళ్లలో ఒకడు. బొమ్మ చూసి ఇబ్బందిగా నా పక్కన కూలబడ్డాడు.

"అన్నా, చెయ్యి పైకి లేపు. పిడికిలి పెట్టు. ఉద్యమంల పోయిండు గదా, రేపు నాలుగూర్లోళ్లు వస్తరు."

ఆయన అడిగిందాంట్లో తప్పులేదు. నేను పెన్ను పైకెత్తాను. తల్లి అడ్డం పడింది.

"మావోడు చెయ్యి లేపితె జామకాయకే లేపుతడు సారు. ట్రాక్టర్ ఎక్కుడు గూడ దోస్తులు పిలిచిండ్రని ఎక్కిండు. నినాదమియ్యి అంటె గొంతు పలుగుతదని సిగ్గుపడెటోడు."

నాయకుడు చాలాసేపు జామచెట్టును చూశాడు. "సరే అవ్వా. జామకాయే ఉండనీ" అన్నాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేట్టు, "నాకు గూడ పిడికిళ్లు కట్టి కట్టి యాష్టకొచ్చిందన్నా" అన్నాడు.

అట్లా తయారైంది బొమ్మ. మునివేళ్ల మీద నిలబడి, చొక్కా పైకి పోయి బొడ్డు కనపడుతుంటే, జామకాయ కోసం చెయ్యి చాపిన పోరడు. చాటంత చెవులు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ మీసం చుక్కలు. భాయ్ దాన్ని ఎంత పెద్దదిగా వేశాడంటే, ఒక్కో చుక్క రొట్టెల పెనమంత వచ్చింది. కోటు పెట్టనందుకు వెలితిగా ఉందేమో, అంచుకు బంతిపూల దండ మాత్రం అడక్కుండానే అచ్చు వేశాడు.

దినాల నాడు ఆ ఫ్లెక్సీ జామచెట్టుకే కట్టారు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు దండం పెట్టబోయి బొమ్మ చూసి నవ్వారు. నవ్విన మూతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కొంగులతో, తువ్వాలలతో కప్పుకున్నారు. తల్లి వచ్చి దాని ముందు కూర్చుంది. కాసేపు చూసింది. "ఓ పోరడా, దిగుర! గా కొమ్మ ఇరుగుతది" అంది. ఆ తర్వాత ఏడ్చింది. అన్ని రోజులు ఆగిన ఏడుపు. దాని గురించి పెంచి రాయడం నాకే చేతకాదు.

జనగామకు తిరిగొచ్చి ఆదివారానికి గీయడానికి కూర్చుంటే పెన్ను కదల్లేదు. ఆ ముఖానికి ఇప్పుడు సొంతదారుడున్నాడు. వాడితో రేజర్ ఎట్లా దొంగిలింపజేయాలి? నాయిన, అవ్వ, నాయినమ్మతోనే నాలుగు గళ్లూ నింపాను. తర్వాత వారం కూడా అంతే. పోరడేడని ఫోన్లు మొదలయ్యాయి. "హాస్టల్ల ఏసినమని రాయి, ఊకుంటరు" అన్నాడు ఇన్‌ఛార్జి.

అప్పుడు ఆమె ఫోన్ చేసింది. కూతురు నంబర్ కలిపి ఇచ్చినట్టుంది.

"సారు, మావోడు పేపర్ల కనవడ్తలేడేంది?"

"అమ్మా... ఇంక ఎట్ల గీయాలె? నాకు మనసొస్తలేదు."

"గీయి. కని గట్లనే ఉంచకు."

"అంటే?"

"ఏడాదికి జరంత పెంచు. వాని తోటి పోరగాండ్లందరు పెరుగుతున్నరు సారు. గడ్డాలొస్తున్నయి. పక్కింటోడు బండి నేర్సిండు. మావోడొక్కడే గంతనే ఉంటె సూడబుద్ధయితలేదు."

విషయం చెబితే ఇన్‌ఛార్జి కుర్చీలోంచి లేచాడు. ఆ గదిలో లేవడమంటే ఇంకొకరి ఒళ్లో కూర్చోవడమే. "కార్టూన్ల వయసు పెరుగుడేందిర? ఇయ్యాల పోరడు పెరుగుతడు. రేపు నాయినమ్మ సావాలె. ఎల్లుండి నాయిన రిటైరు గావాలె. గది పేపరా, మున్సిపాలిటీ ఆఫీసా?" తండా సంగతంతా చెప్పాను. ఆయన కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో, "నాయినమ్మను మాత్రం సంపకు" అన్నాడు.

కాబట్టి మా బొమ్మల ఇంట్లో ఒక్క పోరడే పెరగడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ఉన్నచోటే ఉన్నారు. తండాలో జరిగింది దీనికి తలకిందులు.

కార్టూన్లో పెరగడమంటే ఏమిటో నేర్చుకునేవాళ్ల కోసం చెబుతాను. ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరం వెంట్రుకవాసి పెంచాలి. మెడ కాస్త లావు. చుక్కల పక్కన చుక్కలు చేరతాయి. ఒకనాటికి చుక్కలు కలిసి గీత అవుతాయి. మాటల్లో అక్షరాలన్నీ ఒకే మందం అవుతాయి. అంతే. ఇంతే పనికి నిజం మనుషులకు ఎంత అన్నం, ఎన్ని తిట్లు, ఎందరు తల్లిదండ్రులు కావాలో!

ఆమె తనకు తోచినప్పుడు ఫోన్ చేసేది. డిగ్రీలో ఏ గ్రూపు చేర్పించావంటే తడబడ్డాను. "లెక్కలు వద్దు సారు, వానికి రావు" అని తనే తేల్చింది. గడ్డం పెట్టి చూస్తే, "దొంగ లెక్క కొడ్తున్నడు, గీకెయ్యి" అంది. ఒకసారి ఇరవై ఏళ్ల కుర్రాడు కదా అని గోడ చాటున సిగరెట్టుతో గీశాను. సోమవారం పొద్దున్నే ఫోను. "బొమ్మలేయమంటె మావోనికి సిగరెట్లు నేర్పుతున్నవా? నీకు పిల్లల్లేరా?" మరుసటి ఆదివారమే మాన్పించాను. అంత త్వరగా సిగరెట్టు మానినవాడు తెలంగాణలో ఇంకొకడు లేడు.

రాష్ట్రం వచ్చింది. వీధుల్లో రంగులు, టపాకాయలు. ఇన్‌ఛార్జి కేక వేస్తే ఎరువుల దుకాణంలో యూరియా బస్తాలు రెండు పగిలాయి. అందరికంటే ఆలస్యంగా, సందడంతా సద్దుమణిగాక, ఆమె ఫోన్ వచ్చింది. ఎగిరి గంతేసే మాటలేమీ లేవు.

"సారు, ఇగ నౌకరి పెట్టియ్యి మావోనికి."

"ఏం నౌకరమ్మా?"

"భూపాలపల్లిల బాయి నౌకరి. వాళ్ల మామ అక్కడ్నే చేస్తుండె. వీనికి గదే ఆశ."

బాయి అంటే బొగ్గుగని. నోటిఫికేషన్ లేకుండా, పరీక్ష లేకుండా, పేపర్ లీకు లేకుండా, ఒక్క ఆదివారంలో మా పోరడికి ఉద్యోగం వచ్చింది. రాష్ట్రం వచ్చాక అంత తొందరగా కొలువు దొరికింది నాకు తెలిసి వాడికే. నెత్తిన దీపం ఉన్న టోపీ, చేతిలో టిఫిను డబ్బా. మొగుళ్లపల్లి నుంచి ఒక నిరుద్యోగి ఫోన్ చేసి, "అన్నా, ఆ పోరడు ఏ కోచింగ్‌ల సదివిండు?" అని అడిగాడు. వెక్కిరింత అనుకుని నవ్వాను. అవతల నవ్వు లేదు.

ఆ ఏడు తల్లీ తండ్రీ కొడుకు పేర కాళేశ్వరం గోదావరిలో మునిగి రావడానికి పోయారు. దారిలో బస్సు భూపాలపల్లిలో ఆగింది. తిరిగొచ్చాక ఆమె చెప్పింది.

"డ్యూటి దిగి వస్తున్నరు సారు పోరగాండ్లు. మొకాలన్ని మసి. పండ్లొక్కటే తెల్లగున్నయ్. అందరు మావోని లెక్కనే కొట్టిండ్రు. మా ఆయనైతె కిటికిల తల పెట్టి బస్సు కదిలెదాక సూసిండు."

"మరి గోదారి?"

"మునిగినం. నీళ్లు సల్లగున్నయ్" అంది.

తర్వాత పెళ్లి మాట ఎత్తింది. మీసం గీత నిండుగా అయింది, కొలువుంది, ఇంకేం కావాలి? కోడలి ముక్కు మాత్రం చిక్కుడు గింజలా వద్దంది. "మీ ఇంటోళ్లందరికి గదే ముక్కు పెట్టినవ్. ఆ పిల్లకన్న మంచిది పెట్టు." నేను కాగితాల మీద ముక్కులు పెట్టి చూస్తున్నాను. సంపెంగ మొగ్గలాంటివి, మిరపకాయ కొసలాంటివి. నలభై ఊళ్ల ఆడపిల్లల ముక్కులన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. ఒకటి కుదిరింది కూడా.

ఆ వారమే జిల్లా పేజీలు మూసేస్తున్నట్టు పైనుంచి కబురొచ్చింది. కాగితం ధర, ప్రకటనల కరువు, ఫోన్లలో వార్తలు చూసుకునే జనం, ఏవేవో కారణాలు చెప్పారు. నాకు రిటైరయ్యే వయసు రాలేదు, పేపరే నాకంటే ముందు రిటైరైంది. ఇన్‌ఛార్జి తన కుర్చీని తనే మెట్ల మీదుగా దించుకున్నాడు. ఒక్క కేక కూడా వేయలేదు. ఎరువుల దుకాణంవాళ్లు ఏమైందోనని పైకి వచ్చి చూశారు.

ఆమెకు నేనే ఫోన్ చేశాను. అంతకుముందెప్పుడూ నేను చేయలేదు.

"అమ్మా, పేపర్ బందయింది."

అవతల మేక అరుపొకటి.

"పెండ్లి గాకముందేనా?"

"అవునమ్మా. నేనేం చేస్తనంటే, పెండ్లి బొమ్మ పెద్దగ గీసి, నేనే పట్టుకోని తండకు వస్త. పటం కట్టించి ఇస్త."

"వద్దు సారు."

"ఎందుకమ్మా?"

"పేపర్ల పడని పెండ్లి పెండ్లెట్లయితది? నాలుగూర్లోళ్లు సూడాలె గద. మా ఇంట్ల గోడకు పటం పెట్టుకుంటె, గది సచ్చినోళ్లకు పెట్టినట్టయితది."

వెనక కూతురు ఏదో అడుగుతోంది, లంబాడి భాషలో. తల్లి దానికేదో చెప్పి, మళ్లీ ఫోన్ దగ్గరికి తెచ్చుకుంది.

"రంది వడకు సారు. పెండ్లి జేస్తె మాత్రం ఏమైతుండె? కొడుకులు పెండ్లైనంక ఏరు కాపురం పెడుతరు. మావోడు జర ముందుగాల్నే ఏరు పడ్డడనుకుంట. భూపాలపల్లిల ఉన్నడు. నౌకరున్నది, మీసమున్నది. ఫోను జెయ్యడు, అంతే. గీ కాలం పోరగాండ్లు ఎవరు చేస్తున్నరు చెప్పు, అవ్వకు?"